మిగులు కుక్క

సోమవారం. గాలి లేదు.

జీడి పొద్దున గంజి ముట్టలేదు. నిన్న కూడా సగం వదిలేసింది. నీళ్ళు మాత్రం తాగుతోంది, తాగిన చోటే పడుకుంటోంది. పొట్ట ఒక పక్క ఉబ్బింది. చెయ్యి వేస్తే మూలగదు. నా వంక చూసి ఊరుకుంటుంది.

డాక్టరు అడిగితే నాకు నోట మాట రాదు, అందుకే ఇవన్నీ రాసిపెడుతున్నాను. నా చదువు అయిదో తరగతి వరకే. తప్పులుంటే ఉంటాయి.

జీడి మా వరాలు పెంచిన కుక్క. వరాలు నా కూతురు. పోయిన వానాకాలం ఉప్పునీటి జ్వరంలో పోయింది. జీడిగింజ రంగులో ఉందని కుక్కకి ఆ పేరు పెట్టింది కూడా అదే.

మాది మెట్టల కాలనీ, సముద్రం ఒడ్డున కాంక్రీటుతో మెట్లు మెట్లుగా కట్టింది. కింద రెండు మెట్టలూ నేను పుట్టకముందే సముద్రంలోకి పోయాయి. మేం మూడో మెట్ట మీద ఉంటాం. గుమ్మంలో నిలబడితే పడవల రేవు కనిపిస్తుంది. సాయంత్రం బడి పడవ అక్కడికే వస్తుంది. వరాలు ఉన్నప్పుడు జీడి ఆ వేళకి వెళ్ళి రేవు మెట్ల మీద కూర్చునేది. ఇప్పుడూ వెళ్తుంది. ముందు కాళ్ళు రెండూ దగ్గరగా పెట్టుకుని, కుడి చెవి వంచి, నీళ్ళ వైపే చూస్తుంది. పడవ దిగిన ఒక్కొక్క పిల్ల కాళ్ళూ వాసన చూస్తుంది. రేవు దీపం వెలిగాక లేచి ఇంటికి వస్తుంది. ఇవాళ దారిలోనే రెండు చోట్ల కూలబడింది. అయినా వెళ్ళింది.

నాచు ఆరేసిన తడికలు తిరగేస్తుంటే పక్కింటి గురమ్మ చూసింది.

"ఏటొదినా, కుక్కని అలా సూత్తా కూకున్నావు? కేంద్రానికి తీసుకెల్లు. నా మేకని సూడు. మూడుసార్లు సచ్చినాది, మూడుసార్లు తిరిగొచ్చినాది. మా ఆయనొక్కడే ఒక్కసారి పోయి మరి రానేదు."

"ఆయన్ని కేంద్రంలో ఇచ్చినావేటి, రావడానికి?"

"ఇచ్చినా తీసుకోరే. మేకంటే పాలిత్తాది."

మా వరసలో చాలా ఇళ్ళల్లో ఉన్నవి తిరిగొచ్చినవే. పెంపుడు కేంద్రం వాళ్ళు జంతువు లోపలి తలపులన్నీ అచ్చు తీసుకుని, అచ్చం అలాంటిదే కొత్త ఒళ్ళు చేసి అందులో పోసి ఇస్తారు. పైసా తీసుకోరు. రంగు అదే, పేరు పెట్టి పిలిస్తే వస్తుంది. నాకు తెలిసిన తేడా ఒక్కటే, వాటి మీద ఈగ వాలదు. నాచు ఆరేసిన చోట ఈగలు మా కళ్ళల్లోకి దూరతాయి. గురమ్మ మేక మీద మాత్రం ఒక్కటి కనిపించదు.

ఆ మేక ఇప్పుడు మళ్ళీ దగ్గుతోంది. రేపు కేంద్రానికి తోలుకెళ్తానంది. నేనూ వస్తానన్నాను. మందు అడుగుతాను.

మంగళవారం.

కేంద్రంలో కౌంటరు దగ్గర నెరిసిన మీసాలాయన ఉన్నాడు. మెత్తని గొంతు.

"పేరమ్మా?"

"నాదా బాబూ, కుక్కదా?"

"కుక్కదే."

"జీడి."

"జీడిని ఇలా పెట్టెలో పడుకోబెట్టండి. బరువు చూడాలి."

తెల్లటి పెట్టె. మూత లేదు. లోపల జీడిని పెట్టగానే సన్నగా మోత మొదలైంది, నా పళ్ళు జివ్వుమన్నాయి. అంతవరకూ వాలిపోయి ఉన్న జీడి లేచి కూర్చుంది. కాళ్ళు దగ్గరగా పెట్టుకుని, చెవి వంచి, రేవు దగ్గర చూసినట్టు చూసింది. ఎదురుగా ఉన్నది ఉత్త గోడ.

వేలిముద్ర వెయ్యమన్నారు. వేశాను. కుక్క బరువుకి వేలిముద్ర ఎందుకని నాకు తోచలేదు. మా మెట్టల్లో నీళ్ళకి వేస్తాం, బియ్యానికి వేస్తాం, పడవ ఎక్కడానికి వేస్తాం. పలక ముందు పెడితే చెయ్యి దానంతట అదే వెళ్తుంది.

"అయిపోయిందమ్మా. అచ్చు చక్కగా పడింది. ఈ ఒళ్ళు ఇక్కడ వదిలేసి వెళ్ళండి. శుక్రవారానికల్లా జీడి మీ ఇంట్లో ఉంటుంది."

"అచ్చు కాదు బాబూ. నాను మందు కోసం వొచ్చినాను. దీనికి కడుపులో నొప్పి."

"నొప్పి దీనికమ్మా. జీడికి కాదు. జీడి మా దగ్గర భద్రంగా ఉంది."

"మరి ఇదేటి?"

"ఇది మిగులు."

జీడి నా చెయ్యి నాకుతోంది. దాని చెవి లోపల నీలం ముద్ర ఒకటి మెరుస్తోంది. ఎప్పుడు వేశారో చూడలేదు.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. అచ్చు తీసిన జంతువు చట్టం లెక్కలో బాగానే ఉన్నట్టు. మిగిలిన ఒంటికి ఎవరూ వైద్యం చెయ్యకూడదు, మందులు వృథా. కేంద్రానికి అప్పగించాలి.

లేచి వస్తూ నోరు జారి అడిగేశాను. "మనుసులకి సేత్తారా బాబూ ఇది?"

ఆయన కాసేపు నా ముఖంలోకి చూశాడు. జాలిగానే చూశాడు.

"ఇంకా లేదమ్మా," అన్నాడు.

జీడిని భుజాన వేసుకుని బయటికి వచ్చేశాను. ఎవరూ ఆపలేదు. గురమ్మ మేకని వదిలేసి చేతులు ఊపుకుంటూ నడిచింది.

గురువారం. ఎండ.

పై మెట్టకి వెళ్ళాను. అక్కడ సొంతంగా ఆస్పత్రి పెట్టుకున్న పశువుల డాక్టరు ఉన్నాడు. నాదీ మా ఆయనదీ కలిపి నెల కూలీ అడుగుతాడని అందరూ అంటారు. ముక్కుపుడక తీసి కొంగున ముడివేసుకున్నాను.

డాక్టరు ముందు బాగానే మాట్లాడాడు. జీడి చిగుళ్ళు చూసి, "తెల్లగా పాలిపోయాయే," అన్నాడు. అలా అంటూ చెవి తిప్పాడు. ముద్ర కనపడగానే రెండు చేతులూ వెనక్కి తీసుకున్నాడు.

"కేంద్రానికి వెళ్ళారా?"

"మందుకని ఎల్లాను బాబూ."

"ముద్ర పడ్డదాన్ని నేను ముట్టుకోకూడదమ్మా."

"నొప్పికైనా ఏదోటి..."

"మందుల బీరువాకి తాళం వాళ్ళదే. ఏ జంతువుకో చెప్తేగానీ తెరుచుకోదు." ఆయన బల్ల మీద ఒక పిల్లి కూర్చుని ఉంది. తెల్లగా, మచ్చ లేకుండా ఉంది. నేను ఉన్నంతసేపూ అది కన్ను ఆర్పలేదు. ఆయన దాని వంక చూడకుండా చేతులు కడుక్కున్నాడు.

ముక్కుపుడక ముడి విప్పబోతుంటే వద్దన్నాడు. గుమ్మం దాకా వచ్చి, తలుపు వేస్తూ, గొంతు తగ్గించి చెప్పాడు. "ఉప్పుమళ్ళ అవతల పాత వంతెన ఉంది. అక్కడ హైమావతి గారని బర్రెలకి వైద్యం చేస్తారు. మా టీచరు. నేను చెప్పానని అనకండి."

అక్కడికి వెళ్ళే పడవ బుధవారం మాత్రమే ఉంటుంది. అంతదాకా ఆగాలి.

జీడి రెండు గుక్కల గంజినీళ్ళు తాగింది. వాంతి లేదు.

శుక్రవారం.

గురమ్మ మేక తిరిగొచ్చింది. నల్లగా నిగనిగలాడుతోంది. దగ్గు లేదు.

సాయంత్రం జీడిని ఎత్తుకుని రేవుకి తీసుకెళ్ళాను. నడవలేకపోయినా గుమ్మం దగ్గర పడి ఏడుస్తోంది, చూడలేకపోయాను. మెట్టు మీద దింపాను. వెనకాల గిట్టల చప్పుడైంది. గురమ్మ మేక.

అది వచ్చి జీడి పక్కన కూర్చుంది. మేకలు అలా కూర్చోవు. వెనక కాళ్ళు మడిచి, ముందు కాళ్ళు రెండూ దగ్గరగా పెట్టుకుని కుక్కలా కూర్చుంది. కుడి చెవి వంచింది. నీళ్ళకేసి చూసింది.

గురమ్మ పైనుంచి చూసి పడీపడీ నవ్వింది. "ఓలమ్మో, ఒదినా! నీ కుక్కకి శిష్యురాలు దొరికినాది!"

పడవ వచ్చింది. పిల్లలు దిగారు. జీడి లేవలేక మెడ చాచింది. మేక లేచింది. ఒక్కొక్క పిల్ల కాళ్ళూ వాసన చూసింది. చివరి పిల్ల కూడా వెళ్ళిపోయాక మళ్ళీ వచ్చి కూర్చుంది.

గురమ్మ నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో తెలీదు.

శనివారం.

ఇవాళ మేకే కాదు. దర్జీ వాళ్ళ కుక్క వచ్చింది, పిండిమర ఇంటి పిల్లి వచ్చింది, ఎవరిదో పొట్టేలు కూడా వచ్చింది. అన్నీ ఈ వారం తిరిగొచ్చినవే. అన్నీ మెట్ల మీద వరసగా కూర్చున్నాయి. పిల్లి కూడా చెవి వంచింది. పిల్లి చెవి అలా వంగదు, సగం వంగి వణుకుతూ ఉంది. పిల్లలు పడవ దిగడానికి భయపడ్డారు.

దీపం వెలిగాక అన్నీ ఒక్కసారే లేచాయి. వాటి వాటి ఇళ్ళకి వెళ్ళలేదు. మా వెనకే వచ్చాయి. మేక గుమ్మం దాటి లోపలికి వచ్చి, మూల చాప మీద, జీడి పడుకునే చోట పక్కకి ఒరిగి పడుకుంది. పొట్ట బయటికి పెట్టి పడుకుంది. వరాలు నిద్రపోయేటప్పుడు జీడి పొట్ట మీద తల పెట్టుకునేది. తలకి చోటు వదులుతూ జీడి అలాగే పడుకునేది.

మా ఆయన పైడయ్య సముద్రం కట్ట మీద పని దిగి అప్పుడే వచ్చాడు. గుమ్మంలోనే నిలబడిపోయాడు. గురమ్మ వచ్చి మేక మెడలో తాడు వేసి లాక్కుపోయింది. మేక అరిచింది. ఆ అరుపు మేకది కాదు.

పైడయ్య జీడి దాకా వచ్చి, వంగి పొట్ట చూశాడు. తర్వాత, "అసిరీ, ఇచ్చీద్దుమే," అన్నాడు.

"ఏటి ఇచ్చీడం?"

"ఈ జీడినిచ్చీసి ఆ జీడిని తెచ్చుకుందుం. ఇది నొప్పితో నలిగిపోతన్నాది. అదైతే సావదు కదే."

"సావకపోతే?"

"ఎప్పుడికీ సావదు. ఎప్పుడికీ ఆ రేవుకాడ కూకుంటాది. మనం పోయినాక కూడా మన గుంట వరాలు కోసం ఎవులో ఒకలు సూత్తా ఉంటారు."

ఏడాదిగా ఈ మనిషి ఒక్క చుక్క కన్నీరు కార్చలేదని నేనే దెప్పాను. ఇదంతా లోపల పెట్టుకుని తిరుగుతున్నాడన్నమాట.

నేనన్నాను. "మావా, తలపులు ఎవులికైనా పోత్తారు. మేకకి పోసినారు, పిల్లికి పోసినారు. గుంట తల ఆనించింది మాత్రం ఈ పొట్టకే. ఆ పొట్టకే ఇప్పుడు నొప్పి. దీన్ని కేంద్రమోలకి ఇచ్చీత్తే ఏటి సేత్తారో నాకు తెలీదు. ఇయ్యను."

ఆయన జీడి దగ్గర కూర్చుని చెవి పట్టుకున్నాడు. అలాగే కూర్చుండిపోయాడు.

మంగళవారం. మబ్బు.

కౌంటరాయనే మా ఇంటికి వచ్చాడు. చెప్పులు బయట విడిచి, మర్యాదగా కూర్చున్నాడు. మా ఇంట్లో ఈగలు ఉన్నాయి, వాటిని తోలుకుంటూ మాట్లాడాడు.

"మిగులు ఇంకా మీ దగ్గరే ఉందని రాసి ఉందమ్మా."

"మేకలో మా కుక్కని ఎందుకెట్టినారు బాబూ?" అన్నాను.

ఆయన దాచలేదు. "పాత అచ్చులు అరిగిపోతాయమ్మా. గురమ్మ గారి మేకది మూడుసార్లు వాడాం. సరిగా పలకడం లేదు. మీ జీడిది మంచి అచ్చు. అంత గట్టిగా పట్టుకుని ఉన్న తలపు మేం ఇంతవరకు చూడలేదు. పాలల్లో చుక్క పెరుగు వేసినట్టు కొంచెం కలిపాం. అన్నీ బాగా తోడుకుంటున్నాయి."

"అదేటి పట్టుకుని ఉన్నాదో నీకు తెలుసా?"

"మాకు అది కనపడదమ్మా. గట్టిదనమే కనపడుతుంది."

పైడయ్య లేచి నిలబడ్డాడు. కొడతాడేమో అనుకున్నాను. కొట్టలేదు. "బేగి ఎల్లిపో," అన్నాడు.

ఆయన చెప్పులు వేసుకుంటూ చెప్పాడు, "గురువారం సాయంత్రం బండి వస్తుంది. అప్పటికి ఒళ్ళు అప్పగించాలి. ఇవ్వకపోతే మీ నీళ్ళ వాటా ఆగుతుంది. నా చేతుల్లో లేదమ్మా అది."

జీడి ఇవాళ ఏమీ తినలేదు. ఊపిరి పైపైన తీస్తోంది. ముట్టుకుంటే ఇప్పుడు మూలుగుతోంది.

బుధవారం.

పడవలో జీడిని చీరలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. ఉప్పుమళ్ళు దాటాక ఆ పాత వంతెన కనిపించింది. ఒకప్పుడు దాని మీద కార్లు పోయేవట. ఇప్పుడు రెండు వైపులా విరిగి, మధ్య ముక్క ఒకటే నీళ్ళలో నిలబడి ఉంది. నిచ్చెన ఎక్కాలి. పైన మట్టి పోసి గడ్డి పెంచారు. రేకుల పాక ఉంది. బర్రెలు ఉన్నాయి. బర్రెల మీద, పేడ మీద, నా ముఖం మీద, ఎక్కడ చూసినా ఈగలు. ఈగల్ని చూసి నా ప్రాణం ఎప్పుడూ అంత తేలికపడలేదు.

హైమావతి గారు పెద్దావిడ. మోకాళ్ళ దాకా చీర దోపుకుని ఒక గేదె పొదుగు కడుగుతున్నారు. తల తిప్పకుండానే అడిగారు.

"ఎవరమ్మా? ఏం తెచ్చావ్?"

"కుక్కండి."

"అది కనపడుతోందిలే. ఏమైంది దానికి?"

నేను రాసినవన్నీ చదివి వినిపించాను. తడబడ్డాను, మళ్ళీ మొదలుపెట్టాను. ఆవిడ పొదుగు వదిలేసి, చెయ్యి తుడుచుకుంటూ మొత్తం విన్నారు. ఎవరూ నా మాట అంతసేపు వినలేదు.

"బాగా రాశావు. ఇంత వివరంగా మా స్టూడెంట్లు కూడా రాసేవాళ్ళు కాదు. ఇలా తే."

చెవిలో ముద్ర సంగతి ముందే చెప్పేశాను. తర్వాత తెలిస్తే చెయ్యి వెనక్కి తీసుకుంటారని భయం. ఆవిడ చెవి తిప్పి చూసి, ఒక ప్లాస్టరు ముక్క చింపి ముద్ర మీద అంటించారు.

"మిగులు అంటే ఏంటో నా చదువులో లేదు. నాకు కనపడేది కుక్క."

నాకు ఏడుపు వచ్చింది. "ఏడుద్దువుగాని, ముందు దాని తల పట్టుకో," అన్నారు.

పొట్ట నొక్కి చూశారు. సన్నసూది గుచ్చి లాగితే ఎర్రగా రక్తం వచ్చింది. సూదిని వెలుతురులో పెట్టి కాసేపు చూశారు. ఒక మందు వేశారు. కొద్దిసేపటికి జీడి మూలుగు ఆగింది. ఎన్నాళ్ళకో ఒళ్ళు వదులు చేసి పడుకుంది.

"కడుపులో గడ్డ ఉందమ్మా. అది పగిలింది. రక్తం లోపలే కారుతోంది."

"కోసి తీసీయలేరా?"

"నా దగ్గర ఎక్కించడానికి రక్తం లేదు. ఉన్నా బల్ల మీదే పోతుంది. నీకు అబద్ధం చెప్పను. బతికించలేను. నొప్పి లేకుండా పంపించగలను."

"ఇప్పుడేనా?"

"ఇది ఎక్కడ ఉండాలనుకుంటుందో అక్కడ. ఈ మందు రేపటి దాకా కాస్తుంది. రేపు మధ్యాహ్నం నేనే వస్తాను. నాకు చిన్న పడవ ఉంది."

ముక్కుపుడక తీశాను. ఆవిడ కసురుకున్నారు. "అది నేనెక్కడ పెట్టుకోను, గేదెకి పెట్టనా? నాచు ఆరబెడతానన్నావుగా. ఓ మూట పడవలో వేసి పంపు. చాలు."

గురువారం.

పొద్దున జీడికి నీళ్ళు పోశాను. రుద్దలేదు, పైపైన పోశాను. తోక ఒకసారి కదిపింది.

హైమావతి గారు చెప్పిన వేళకే వచ్చారు. గుమ్మం దగ్గర పక్క వేశాను కానీ జీడి రేవు వైపే మెడ తిప్పుతోంది. పైడయ్య పనికి వెళ్ళలేదు. జీడిని రెండు చేతుల్లో ఎత్తుకుని మెట్లు దిగాడు. సాయంత్రం కావడానికి ఇంకా చాలా పొద్దుంది. అయినా అవన్నీ ముందే వచ్చి కూర్చున్నాయి. శనివారం కంటే ఎక్కువ ఉన్నాయి. పందిపిల్ల ఒకటి ఉంది. బాతు ఒకటి ఉంది.

హైమావతి గారు ఆగిపోయారు. "ఏంటమ్మా ఇవన్నీ?"

"అన్నీ మా జీడే డాక్టరమ్మా."

ఆవిడ దారి ఇమ్మన్నట్టు మేక వీపు మీద తట్టారు. మేక జరిగింది.

జీడిని పై మెట్టు మీద, నా ఒళ్ళో తల పెట్టి పడుకోబెట్టాం. ఆవిడ సూది సిద్ధం చేసి, "ఏమన్నా చెప్పుకుంటే చెప్పుకోమ్మా," అన్నారు.

దాని చెవి దగ్గర నోరు పెట్టాను. ఏం చెప్పాలో ముందు అనుకోలేదు.

"జీడీ. గుంట రాదే. ఈ పడవలో రాదు. ఏ పడవలోనూ రాదు. ఇంక సూడకు."

ఆ మాట నా నోట రావడం అదే మొదలు. పోయిందని చెప్పాను, పోయిందని రాశాను. రాదని ఎప్పుడూ అనలేదు. జీడి అంతవరకు నీళ్ళవైపు ఎత్తి పెట్టుకున్న తల దించి నా మోకాలి మీద ఆనించింది. దానికి అర్థమైందని అనను. ఆ రేవు దగ్గర అది తల దించడం మాత్రం నేనెప్పుడూ చూడలేదు.

మొదటి సూదికి నిద్రపోయింది. రెండో సూది దిగేటప్పుడు మెట్ల మీదున్నవన్నీ ఒక్కసారే తల తిప్పాయి. మేక, పిల్లి, పొట్టేలు, బాతు, అన్నీ. నీళ్ళని వదిలేసి నన్ను చూశాయి. అన్ని కళ్ళూ ఒకటే. అవి మా జీడి కళ్ళు. పైడయ్య నా భుజం పట్టుకున్నాడు. జీడి ఊపిరి వదిలింది, మళ్ళీ తీసుకోలేదు. అవన్నీ మళ్ళీ నీళ్ళ వైపు తిరిగాయి.

బండి చెప్పిన వేళ కంటే ముందే వచ్చింది. కౌంటరాయన దిగి, "ఒళ్ళు ఇవ్వాలమ్మా," అన్నాడు.

హైమావతి గారు సూది డబ్బాలో పెట్టుకుంటూ అడిగారు. "మిగులంటే బతికున్నదే కదా మీ చట్టంలో? చచ్చిన కుక్క సంగతి ఏమన్నా రాశారా?"

ఆయన ఆలోచించాడు. "లేదండి. చావడం అనేది అందులో లేదు."

"అయితే ఇది వాళ్ళ కుక్క. వెళ్ళిరండి."

ఆయన నిజంగానే వెళ్ళిపోయాడు. జీడి ముక్కు మీద ఈగ వాలింది. నేను తోలలేదు.

వంతెన మీద హైమావతి గారు పోసిన మట్టిలో పూడ్చాం. మా మెట్టల్లో తవ్వడానికి మట్టి లేదు.

శనివారం.

నిన్న రేవుకి వెళ్ళకూడదనుకున్నాను. వెళ్ళాను. అన్నీ ఉన్నాయి. దీపం వెలిగాక నా వెనకే వచ్చాయి, గుమ్మం ముందు పడుకున్నాయి, తలకి చోటు వదిలి. పైడయ్య వాటిని దాటుకుని లోపలికి రాలేక బయటే కూర్చున్నాడు.

తెల్లవారుతుంటే నాకు తట్టింది. అచ్చు తీసింది ఆ మంగళవారం. నేను జీడి చెవిలో చెప్పింది గురువారం. వీటికి ఎవరూ చెప్పలేదు.

ఇవాళ సాయంత్రం రేవులో మేక దగ్గర కూర్చుని, రెండు చేతులతో దాని ముఖం పట్టుకున్నాను. చల్లగా లేదు, వెచ్చగానే ఉంది. "గుంట రాదే. ఏ పడవలోనూ రాదు. ఇంక సూడకు," అన్నాను. మేక చాలాసేపు నన్ను చూసింది. తల దించి మెట్టుకి ఆనించింది. తర్వాత లేచి, మేకలా తల ఆడించుకుంటూ గురమ్మ ఇంటికి వెళ్ళిపోయింది.

గురమ్మ గుమ్మంలోనే ఉంది. "ఏటి సెప్పినావొదినా దానికి?" అని అరిచింది. నేను పిల్లి వైపు తిరిగాను.

పిల్లికి చెప్పాను. దర్జీ కుక్కకి చెప్పాను. పొట్టేలుకి చెప్పాను. చెప్పినప్పుడల్లా వరాలు మళ్ళీ పోయింది. పందిపిల్ల ఇంకా ఉంది, బాతు ఉంది, నిన్న శుక్రవారం కదా, కొత్తగా తిరిగొచ్చినవి కూడా ఉన్నాయి. కేంద్రం వాళ్ళు ఆపరు. ప్రతి వారం వస్తాయి. ప్రతి వారం చెప్పాలి.

చివరి మెట్టు మీద ఎర్ర దూడ ఒకటి కూర్చుని ఉంది. దాని దగ్గరికి వెళ్ళాను కానీ మాట రాలేదు. నోరు తెరిస్తే గాలి వచ్చింది.

పైడయ్య కట్ట మీద నుంచి అప్పుడే దిగి వస్తున్నాడు. బట్టల నిండా బురద. నన్ను చూశాడు, దూడని చూశాడు. కాసేపు నిలబడి, తర్వాత మెట్టు మీద దాని పక్కన కూర్చుని గడ్డం కింద చెయ్యి పెట్టాడు.

"వరాలు," అన్నాడు. అక్కడ ఆగిపోయాడు.

దూడ కుడి చెవి వంచింది.

నేను చెప్తానని చెయ్యి ఎత్తాను. ఆయన వద్దన్నట్టు తల ఊపాడు. పడవ దీపం దూరంగా నీళ్ళ మీద కనిపిస్తోంది. ఆయన దాని వైపు చూడలేదు.

"మా గుంట రాదమ్మా," అన్నాడు దూడతో.